ఒక బొమ్మ, పది మాటలు: నైలు ఒడ్డున నెమలి రెక్కలు

 

ఎప్పటిలాగే ఈ నెల కూడా ఒక బొమ్మ చూద్దాం, పది మాటలు నేర్చుకుందాం. కొత్తగా చదువుతున్న వాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. ఇది పరీక్ష కాదు. ఒకసారి మీలో మీరు చదువుకోండి. రెండోసారి ఇంట్లో పెద్దవాళ్లకు పైకి చదివి వినిపించండి. తెలియని మాట వస్తే అక్కడ ఆగిపోకండి, ముందుకు వెళ్లండి. ముఖ్యమైన మాటల్ని దారిలోనే విప్పి చెబుతాను.

పోయిన క్రిస్మస్‌కు ముందు మా శనివారం తెలుగు తరగతికి ఒక పాప గ్రీటింగ్ కార్డు తెచ్చింది. దాని మీద దేవదూత బొమ్మ ఉంది. తెల్లటి ఒళ్లు, బంగారు రంగు జుట్టు, హంస రెక్కల్లాంటి రెక్కలు. ఆ పాప కార్డు నా ముందు పెట్టి, "టీచర్, దేవదూతలు ఎప్పుడూ తెల్లగానే ఉంటారా? ఆఫ్రికాలో దేవదూతలు లేరా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. "వచ్చే వారం చెబుతానమ్మా" అన్నాను. వారం కాదు, కొన్ని నెలలు పట్టింది. చదువుతూ పోతే ఆ ప్రశ్న నన్ను మన ఖండంలోనే ఉన్న ఒక పాత రాజ్యానికి తీసుకెళ్లింది. దాని పేరు నూబియా.

దూత అంటే ఎవరు?

మొదటి మాట "దూత". ఒకరి కబురు ఇంకొకరికి మోసుకెళ్లేవాడు దూత. రాముడి కబురు సీతమ్మకు తీసుకెళ్లాడు కాబట్టి హనుమంతుడు రామదూత. రాజు పంపిన మనిషి రాజదూత. యముడు పంపితే యమదూత. దేవుడు పంపితే దేవదూత. చూశారా, ఒక్క మాట తెలిస్తే నాలుగు మాటలు వచ్చాయి.

గ్రీకు భాషలో "ఆంగెలోస్" అనే మాటకు కూడా అర్థం కబురు తెచ్చేవాడు అనే. మొదట అది మామూలు మాట. ఉత్తరం తెచ్చిన మనిషిని కూడా అలాగే పిలిచేవాళ్లు. హీబ్రూలోనూ అంతే. తెలుగులో బైబిలు చదివిన మన పెద్దవాళ్లు దేవదూత అన్నప్పుడు వాళ్ల మనసులో ముందు మెదిలింది కబురే, రెక్కలు కాదు. 1903లో నెల్లూరు నుంచి నేటాల్‌కు వచ్చిన జాన్ రంగయ్య గారు ఇక్కడి తెలుగు బాప్టిస్టుల మధ్య పనిచేశారు. ఆ కుటుంబాల ఇళ్లలో దేవదూత, ప్రధానదూత అనే మాటలు వినిపించేవి.

ప్రధానదూత అంటే దూతల్లో పెద్ద. మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలు అలాంటి వాళ్లు. మిఖాయేలు అనే పేరే ఒక ప్రశ్న: "దేవునికి సాటి ఎవరు?" రఫాయేలు అంటే "దేవుడు నయం చేశాడు" అని. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

సరిహద్దులో ఒక రాజ్యం

రెండో మాట "సరిహద్దు". ఒక దేశం ముగిసి ఇంకో దేశం మొదలయ్యే గీత. ఊరికి ఉండే సరిహద్దును "పొలిమేర" అంటాం. మన పూర్వీకుల ఊళ్లలో పొలిమేర దగ్గర గ్రామదేవత గుడి ఉండేది. బయటి నుంచి వచ్చే రోగాన్ని, కీడును అమ్మ అక్కడే ఆపుతుందని నమ్మకం. అంచున ఉండే మనుషులకు కాపలా అవసరం ఎక్కువ.

నూబియా అలాంటి అంచునే ఉంది. ఈజిప్టుకు దక్షిణంగా, అస్వాన్ దాటాక నైలు నది రాళ్ల మధ్య సుడులు తిరుగుతూ పారుతుంది. అక్కడి నుంచి నేటి సూడాన్ లోపలి దాకా నూబియా. ఆరో శతాబ్దంలో అక్కడ మూడు రాజ్యాలు ఉండేవి: నొబాదియా, మకూరియా, అలోదియా. ఆ శతాబ్దం నడుమ కాన్‌స్టాంటినోపుల్ నుంచి క్రైస్తవ బోధకులు వచ్చారు. రాణి థియొడోరా పంపిన జూలియన్ మొదట నొబాదియాకు చేరాడు. ఆ తరువాత లాంగినస్ వచ్చాడు. కొన్ని దశాబ్దాలలో మూడు రాజ్యాలూ క్రైస్తవ మతం తీసుకున్నాయి.

ఇంతలో ఉత్తరాన లోకం మారింది. ఈజిప్టు అరబ్బుల చేతికి వచ్చింది. 652లో అరబ్బు సైన్యం మకూరియా రాజధాని డోంగోలాను ముట్టడించింది. నూబియా విలుకాళ్లు కంటికి గురిపెట్టి బాణం వేసేవాళ్లని అరబ్బు రచయితలే రాశారు. యుద్ధం తేలలేదు. ఒప్పందం కుదిరింది. దాని పేరు బక్త్. దాదాపు ఆరు వందల ఏళ్ల పాటు రెండు వైపులా దాన్ని ప్రస్తావిస్తూనే వచ్చారు.

ఆ ఒప్పందంలో ఏముందో చెప్పకుండా నేను దాటిపోలేను. ఈజిప్టు నుంచి ధాన్యం, బట్టలు లాంటివి వచ్చేవి. బదులుగా నూబియా ఏటా సుమారు 360 మంది బానిసల్ని ఇవ్వాలి. గోడల మీద దేవదూతల్ని గీసుకున్న రాజ్యమే మనుషుల్ని లెక్కపెట్టి సరిహద్దు దాటించింది. మన కుటుంబాలు కూడా లెక్కల్లోకి ఎక్కి ఓడలెక్కిన కుటుంబాలే. అందుకే అందమైన బొమ్మల వెనుక ఇది కూడా ఉందని మనం గుర్తుపెట్టుకుందాం.

ఇసుకలో దాగిన గుడి

నొబాదియా రాజధాని ఫరాస్. పాత పేరు పఖోరాస్. నేటి ఈజిప్టు, సూడాన్ సరిహద్దు దగ్గర నైలు ఒడ్డున ఉండేది. "ఉండేది" అంటున్నాను, ఎందుకంటే ఇప్పుడు ఆ ఊరు నీళ్ల కింద ఉంది.

1960లో అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట పని మొదలైంది. ఆనకట్ట వెనుక నీళ్లు నిలిస్తే ఆ లోయ అంతా మునిగిపోతుంది. ఇక్కడ మూడో మాట: "ముంపు". మునిగిపోవడాన్ని ముంపు అంటారు. ఆంధ్రలో, తెలంగాణలో ప్రాజెక్టులు కట్టినప్పుడు "ముంపు గ్రామాలు" అనే మాట వినిపిస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ పక్క ఊళ్ల వాళ్లకు ఆ మాట బాగా తెలుసు.

ముంపుకు ముందే కాపాడగలిగినంత కాపాడాలని యునెస్కో ప్రపంచ దేశాలను పిలిచింది. పోలండ్ నుంచి కజిమీర్ మిఖలోవ్‌స్కీ అనే పురావస్తు ఆచార్యుడు బృందంతో వచ్చి 1961 నుంచి 1964 వరకు ఫరాస్‌లో తవ్వాడు. ఇసుక దిబ్బ కింద ఒక పెద్ద చర్చి బయటపడింది. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక దాన్ని నిండా పూడ్చేసింది. అదే దానికి మేలు చేసింది. లోపలి గోడల మీద బొమ్మలు రంగు చెడకుండా ఉన్నాయి.

నాలుగో మాట "గోడ". చిన్న మాటే. కానీ ఈ కథలో అసలు పుస్తకం గోడే. చర్చిని 707లో పౌలోస్ అనే బిషప్పు కాలంలో తిరిగి కట్టారని గ్రీకులోనూ, కోప్టు భాషలోనూ చెక్కిన రాళ్లు చెబుతున్నాయి. అక్కడి బిషప్పుల పేర్ల జాబితా కూడా ఒక గోడ మీదే ఉంది. పాత బొమ్మ మీద సున్నం పూసి, దాని మీద కొత్త బొమ్మ గీసేవాళ్లు. అలా ఒకే చోట పొరలు పొరలుగా బొమ్మలు దొరికాయి.

గోడ మీది బొమ్మను ఎలా తీస్తారు? ముందు బొమ్మ మీద పల్చటి జపాను కాగితం అంటించారు. దాని మీద మైనం, రోజనం కలిపి వేడిగా పట్టించారు. అది గట్టిపడ్డాక వెనుక నుంచి పూత పొరను రంపంతో నెమ్మదిగా కోశారు. ఈ పని నడిపినవాడు జోసెఫ్ గాజీ. ఇలా 120 బొమ్మల దాకా బయటికి తీశారు. అరవైకి పైగా పోలండ్ రాజధాని వార్సాకు వెళ్లాయి. మిగతావి సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో ఉంచారు. 1964లో నీళ్లు ఊరిని కప్పేశాయి.

మంటలో నాలుగో మనిషి

ఇప్పుడు మన బొమ్మ దగ్గరికి వద్దాం. ఇది ఫరాస్ చర్చి గోడ మీద పదో శతాబ్దం చివర్లో గీసిన బొమ్మ. ఖార్టూమ్ వాటాకు వచ్చింది.

కథ దానియేలు గ్రంథంలోది. బబులోను రాజు నెబుకద్నెజరు ఒక బంగారు విగ్రహం నిలబెట్టి, అందరూ మొక్కాలన్నాడు. వేరే దేశం నుంచి పట్టి తెచ్చిన ముగ్గురు యువకులు మొక్కం అన్నారు. వాళ్ల సొంత పేర్లు హనన్యా, మిషాయేలు, అజర్యా. బబులోనులో వాళ్ల పేర్లు మార్చి షడ్రకు, మేషాకు, అబేద్నెగో అని పెట్టారు. రాజు వాళ్లను అగ్నిగుండంలో వేయించాడు. కాసేపటికి తొంగి చూస్తే మంటలో ముగ్గురు కాదు, నలుగురు తిరుగుతున్నారు.

ఐదో మాట "అగ్నిగుండం". అగ్ని అంటే నిప్పు. గుండం అంటే గుంట. ఈ మాట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దర్బన్ చుట్టుపక్కల అమ్మవారి గుళ్లలో ఏటా నిప్పుల మీద నడిచే పండుగ జరుగుతుంది కదా? ఆ నిప్పుల గుంటకూ అదే పేరు. తెలుగు బైబిలులో ఉన్నదీ అదే మాట. మతం వేరు, కథ వేరు, మాట ఒక్కటే.

బొమ్మలో ముగ్గురు యువకులూ తూర్పు దేశపు దుస్తులు వేసుకుని, పొడవైన టోపీలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. చుట్టూ ఎర్రటి మంట నాలుకలు. వాళ్ల వెనుక, వాళ్లందరికంటే ఎత్తుగా, ప్రధానదూత మిఖాయేలు. బైబిలు ఆ నాలుగో మనిషి పేరు చెప్పదు. ఫరాస్ చిత్రకారుడికి మాత్రం అనుమానం లేదు. మిఖాయేలు రెండు రెక్కలూ చాచి ముగ్గురినీ కమ్ముకున్నాడు. చేతిలో పొడవైన కర్ర, దాని చివర సిలువ. ఆ సిలువ కర్రను మంట మధ్యలోకి పట్టుకున్నాడు.

మంట ఆరిపోలేదు, చూడండి. అలాగే మండుతోంది. దూత మంటను ఆర్పడానికి రాలేదు. మంటలో వాళ్ల పక్కన నిలబడడానికి వచ్చాడు. నాకు ఈ బొమ్మలో ఇష్టమైనది అదే.

రెక్కలు ఎప్పుడు మొలిచాయి?

ఆరో మాట "రెక్క". దీనికి తెలుగులో రెండు అర్థాలున్నాయి. పక్షికి ఉండేది రెక్క. మనిషి చెయ్యి, భుజం కూడా రెక్కే. "రెక్కల కష్టం" అంటే ఒళ్లు వంచి చేసిన పని. "రెక్కాడితే గాని డొక్కాడదు" అని సామెత. చెయ్యి ఆడితేనే కడుపు నిండుతుంది అని దాని అర్థం. చెరుకు తోటలో పనిచేసిన మన ముత్తాతలకు ఈ సామెత ఎవరూ వివరించక్కర్లేదు. పిల్లల్ని కాపాడే తల్లి గురించి చెప్పేటప్పుడు "రెక్కల కింద దాచుకుంది" అంటాం. అప్పుడది కోడి రెక్క.

మొదటి క్రైస్తవ బొమ్మల్లో దేవదూతలకు రెక్కలు లేవు. రోములోని పాత సమాధి గదుల్లో దేవదూత మామూలు మనిషిలా ఉంటాడు. బైబిలులో అబ్రాహాము దగ్గరికి వచ్చిన వాళ్లు కూడా మనుషుల్లాగే వచ్చి భోజనం చేసి వెళ్లారు. యెషయా చూసిన సెరాపులకు ఆరేసి రెక్కలు ఉన్నాయి, కానీ మామూలు దూతలకు రెక్కలున్నాయని కథల్లో లేదు. నాలుగో శతాబ్దం చివర్లో రెక్కల దూతలు కనిపించడం మొదలైంది. నేటి ఇస్తాంబుల్‌లో దొరికిన ఒక రాజకుటుంబపు పిల్లవాడి రాతి శవపేటిక మీద అలాంటి దూతలు ఉన్నారు. చిత్రకారులకు రెక్కల రూపం కొత్తది కాదు. గ్రీకుల, రోమన్ల విజయదేవత రెక్కలతోనే ఉండేది.

నూబియా చిత్రకారులు ఆ రెక్కల్ని తీసుకుని ఇంకో అడుగు వేశారు. చాలా బొమ్మల్లో ప్రధానదూతల రెక్కలకు నెమలి ఈకలు పెట్టారు. ఏడో మాట "నెమలికన్ను". నెమలి ఈక చివర ఉండే నీలం, ఆకుపచ్చ చుక్కను కన్ను అంటాం. మా అవ్వ పుస్తకంలో నెమలికన్ను పెట్టి, "పిల్ల పెడుతుంది చూడు" అనేది. నేను రోజూ తెరిచి చూసేదాన్ని. కెరూబుల ఒళ్లంతా కళ్లున్నాయని యెహెజ్కేలు గ్రంథం చెబుతుంది. రెక్క నిండా కళ్లుంటే, ఆ దూత నిద్రపోడు, అన్నీ చూస్తుంటాడు. కాపలాదారుకు కావలసింది అదే కదా?

ఒంటి మీద ఒక పేరు

ఎనిమిదో మాట "కాపు". కాపు అంటే రక్షణ. కాపలా, కాపరి, కాపాడు, ఇవన్నీ ఒకే కుటుంబం. పొలానికి కాపు, గొర్రెలకు కాపరి. నూబియా మనుషులకు మిఖాయేలు కాపు.

వాళ్లు ఆయన పేరును గోడల మీద, కుండల మీద రాసుకున్నారు. గ్రీకులో అక్షరాలకు అంకెల విలువ ఉంటుంది. మిఖాయేలు పేరులోని అక్షరాల విలువలు 40, 10, 600, 1, 8, 30. కూడి చూడండి. 689 వస్తుంది. కొన్ని చోట్ల పేరు రాయకుండా ఆ 689 అంకెనే గ్రీకు అక్షరాల్లో రాశారు. తెలిసినవాళ్లకు అది పేరు. తెలియనివాళ్లకు ఉత్త అంకె.

తొమ్మిదో మాట "పచ్చబొట్టు". సూదితో గుచ్చి చర్మం మీద వేసే గుర్తు. మన అవ్వల చేతుల మీద, గడ్డం మీద పచ్చబొట్లు ఉండేవి. సూడాన్‌లో నైలు నాలుగో జలపాతం దగ్గర సుమారు 700 ప్రాంతంలో చనిపోయిన ఒక స్త్రీ శరీరం ఎండి చెడకుండా దొరికింది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆమె తొడ లోపలి వైపు మిఖాయేలు పేరు అక్షరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిపి వేసిన పచ్చబొట్టు ఉంది. ఎవరికీ కనబడని చోట, తన కోసం తాను వేయించుకున్న పేరు. రాజులు గోడ మీద గీయించుకున్నారు. ఆమెకు గోడ లేదు. ఒళ్లే గోడ.

మొర

పదో మాట "మొర". కష్టంలో ఉన్నవాడు దేవుడితో చెప్పుకునే మాట మొర. "మొర పెట్టుకున్నాడు" అంటాం. "నా మొర ఆలకించు" అంటాం. గజేంద్రుడు మొసలి నోట చిక్కి చేసింది మొరే.

డోంగోలాకు దగ్గర్లో బంగనర్తి అనే ఊరుంది. అక్కడి చర్చి నయం చేసే రఫాయేలుది. రోగులు, యాత్రికులు దూరం నుంచి వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు గోడ మీద తమ పేరు, తమ పని, తమ మొర గీకి వెళ్లేవాళ్లు. అలాంటి రాతలు వందల కొద్దీ దొరికాయి. కొందరి అక్షరాలు చక్కగా ఉన్నాయి. కొందరివి వంకర టింకరగా ఉన్నాయి, తప్పులున్నాయి. అయినా రాశారు. తెలుగు రాయడానికి సిగ్గుపడే వాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

ఇంకో మొర 2023లో బయటపడింది. పాత డోంగోలాలో పోలండ్ బృందం తరువాతి కాలపు ఇళ్ల కింద చిన్న చిన్న గదులు కనుక్కుంది. ఒక గోడ మీద నూబియా రాజు వంగి, మేఘాల మీద కూర్చున్న క్రీస్తు చేతిని ముద్దు పెట్టుకుంటున్నాడు. రాజును మిఖాయేలు పట్టుకుని నిలబెడుతున్నాడు. ఆయన రెక్కలు ఇద్దరి మీదా పరుచుకుని ఉన్నాయి. పక్కన ఉన్న రాతలో దావీదు అనే రాజు పేరు, నగరాన్ని కాపాడమని మొర ఉన్నాయి.

దావీదు 1270ల నాటి రాజు. ఈజిప్టును ఏలే మమ్లూకుల మీద దాడి చేసి, ఎర్ర సముద్రపు రేవు ఐధాబ్‌ను కొట్టాడు. వాళ్లు ఊరుకోలేదు. దావీదు బంధువు షెకెండా సింహాసనం కోరి వాళ్లతో కలిశాడు. 1276లో మమ్లూకు సైన్యం డోంగోలాను దోచుకుంది. దావీదు పారిపోయి, తరువాత పట్టుబడ్డాడు.

అంటే మొర ఫలించలేదా? నేను పాస్టరును కాను, పూజారినీ కాను, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం నాకు లేదు. రాజు పోయాడు, రాజ్యం కూడా మెల్లగా పోయింది. గోడ మీది మాటలు మాత్రం ఏడు వందల ఏళ్ల తరువాత ఒకరు చదవగలిగారు. అంత మాత్రం చెప్పగలను.

వాళ్ల భాష, మన భాష

ఆ మాటలు ఏ భాషలో ఉన్నాయి? పాత నూబియా భాషలో. చర్చిలోకి గ్రీకు వచ్చింది, కోప్టు వచ్చింది. కానీ ఎనిమిదో శతాబ్దం నుంచి వాళ్లు తమ సొంత భాష కూడా రాయడం మొదలుపెట్టారు. గ్రీకు అక్షరాలే తీసుకున్నారు. గ్రీకులో లేని తమ ధ్వనుల కోసం అక్షరాలు చేర్చుకున్నారు. వాటిలో మన ఙ, ఞ లాంటి ధ్వనులూ ఉన్నాయి! "ఈ రెండు అక్షరాలు ఎందుకు టీచర్, ఎక్కడా రావు కదా?" అని మీరు నన్ను అడుగుతుంటారు. వాళ్లు ఆ ధ్వనులు పోకూడదని పనిగట్టుకుని అక్షరాలు తెచ్చుకున్నారు. మిఖాయేలు గురించిన ఒక గ్రంథం తునకలు ఆ భాషలో దొరికాయి. ఆ రాత పదిహేనో శతాబ్దం దాకా నడిచి ఆగిపోయింది.

మాట్లాడడం ఆగలేదు. దాని వారసురాలైన నోబీన్ భాష ఇప్పటికీ ఉంది. కానీ ఫరాస్‌ను ముంచిన నీళ్లే ఆ భాష ఊళ్లనూ ముంచాయి. ఈజిప్టులోనూ, సూడాన్‌లోనూ కలిపి సుమారు లక్ష మంది నూబియా వాళ్లు ఇళ్లు వదిలారు. ఈజిప్టు వాళ్లను కోమ్ ఓంబోకు, సూడాన్ వాళ్లను నైలుకు ఎంతో దూరాన ఉన్న ఖష్మ్ ఎల్ గిర్బాకు తరలించారు. బొమ్మల్ని కాగితంలో చుట్టి జాగ్రత్తగా తీసుకెళ్లారు. మనుషుల్ని రైళ్లలో, పడవల్లో తీసుకెళ్లారు. కొత్త చోట పిల్లలు బడిలో అరబ్బీ నేర్చుకున్నారు. ఇంట్లో అవ్వ ఒక భాష, బడిలో ఇంకో భాష. ఈ కథ మీకు ఎక్కడో విన్నట్టు ఉందా?

2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైంది. ఖార్టూమ్ జాతీయ మ్యూజియం దోపిడీకి గురైంది. అంటే ముంపు నుంచి తప్పించుకున్న వస్తువులకు మళ్లీ కాపు కావలసి వచ్చింది. ఒకసారి కాపాడితే సరిపోదు. ప్రతి తరం మళ్లీ కాపాడాలి.

పాప ప్రశ్నకు జవాబు

కార్డు తెచ్చిన పాపకు నేను ఫరాస్ బొమ్మలు చూపించాను. నిజం చెప్పాలంటే, అక్కడ కూడా దేవదూతలు తెల్లగానే ఉన్నారు. స్వర్గంలోని వాళ్లను లేత రంగులో గీయడం అక్కడి పద్ధతి. కానీ ఇంకో బొమ్మ ఉంది. అందులో బిషప్పు పెత్రోస్, ఆయన వెనుక అపొస్తలుడు పేతురు. పేతురు తెల్లగా ఉన్నాడు. పెత్రోస్ తన ఊరి మనుషుల్లాగే ముదురు గోధుమ రంగులో ఉన్నాడు. చిత్రకారుడు తన మనిషి రంగు మార్చలేదు. పేతురు చేతులు ఆ నల్లటి మనిషి భుజాల మీద ఉన్నాయి.

"దూత రంగు కంటే, దూత ఎవరి పక్కన నిలబడ్డాడో చూడమ్మా" అన్నాను. పాప కాసేపు ఆలోచించి, "అయితే నా కార్డులో ఆయన పక్కన ఎవరూ లేరు" అంది. తరువాతి వారం అదే కార్డు మళ్లీ తెచ్చింది. దూత రెక్క కింద గోధుమ రంగు పెన్సిలుతో నలుగురిని గీసింది. వాళ్ల అమ్మ, నాన్న, తమ్ముడు, తాను.

ఈ నెల మీ పని

1860 నుంచి 1911 వరకు లక్షా యాభై వేల మందికి పైగా మనుషులు ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వచ్చారు. మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచి 1860 నవంబరు 16న దర్బన్ చేరింది. ఓడ పట్టికలో ప్రతి మనిషికీ ఒక నంబరు వేశారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఒంటి మీది గుర్తులు కూడా రాశారు. రాసినవాళ్లకు తెలుగు రాదు. అందుకే పేర్లు విరిగిపోయాయి, ఊళ్లు గుర్తుపట్టలేకుండా మారాయి. నంబరు మాత్రం సరిగ్గా ఉంది.

నూబియా వాళ్లు ఒక పేరును అంకెలో దాచుకున్నారు. మన వాళ్ల పేర్ల మీద అంకె వచ్చి కూర్చుంది. 689 చూస్తే వాళ్లకు మిఖాయేలు అని తెలుసు. మీ ముత్తాత నంబరు చూస్తే ఆ పేరు చెప్పగలవాళ్లు మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారు?

అందుకే ఈ నెల పని ఇది. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఓడ దిగిన మీ పూర్వీకుల్లో ఒకరి పేరు కనుక్కోండి. తెలుగు అక్షరాల్లో రాయండి. పక్కన ఆ మనిషి చేసిన పని రాయండి. ఒక్క వాక్యంలో మీ మొర కూడా రాయండి, అడగాలనిపిస్తే. ఒత్తు తప్పు పోయినా ఫరవాలేదు. బంగనర్తి గోడ మీద కూడా తప్పులున్నాయి. రాసినవి పత్రికకు పంపితే, వచ్చే సంచికలో ఈ పేజీనే గోడ చేసి అన్నీ అచ్చు వేస్తాం.

పది మాటలు మళ్లీ ఒకసారి: దూత, సరిహద్దు, ముంపు, గోడ, అగ్నిగుండం, రెక్క, నెమలికన్ను, కాపు, పచ్చబొట్టు, మొర. పైకి చదవండి. వీటిలో ఏ మాట మీ అవ్వ నోట విన్నారో దాని కింద గీత గీయండి.

వచ్చే నెల ఇంకో బొమ్మతో కలుద్దాం. అందాకా సెలవు.